ఎముక సీసా, ఊపిరి సీసా

వైశాఖ శుద్ధ విదియ

ఎముక నాలుగు వందల ఇరవై. ఊపిరి ఎనిమిది. కొమ్మ తొమ్మిది వేళ్ళు. నీళ్ళు తేటగా ఉన్నాయి. మోటారు తిరుగుతోంది.

తొట్టి ఉన్న ప్రతి ఇల్లూ నీళ్ళలో ఎముక ఎంత, ఊపిరి ఎంత అని రోజూ ఇలా రాసిపెట్టాలని కట్ట ఆఫీసు వాళ్ళు చెప్పారు. అంకెలు చాలన్నారు. అంకెలు రాశాక కింద చోటు మిగులుతోంది.

పొద్దున నేను ఎముక సీసా పోశాను. సాయంత్రం పైడమ్మ ఊపిరి సీసా పోసింది. నా సీసాలో ఆఫీసు డిపోలో ఇచ్చే ఎముక పొడి, ఆమె సీసాలో సోడా. ఎముక తండ్రి చేతిది, ఊపిరి ఆలి చేతిది. మధ్యలో ఒక పూట ఎడం ఉండాలి. రెండూ నీళ్ళలో ఎదురుపడితే విరిగి తెల్లగా రాలిపోతాయి, కొమ్మకు ఏమీ మిగలదు. ఒకరి సీసా ఒకరు ముట్టుకోం. మామ కోడలి సీసా ముట్టుకుంటే కొమ్మ దారి తప్పుతుందని మా వాళ్ళ పట్టింపు.

కొమ్మ అంటే నా కొడుకు నూకరాజు. పైడమ్మ వాడి భార్య. వేటకు వెళ్ళిన పడవ రాలేదు, వాడూ రాలేదు. కాల్చడానికి ఏమీ దొరకలేదు. దువ్వెనలో వాడి వెంట్రుకలు నాలుగు ఉంటే, ఆఫీసు వాళ్ళు వాటితో విత్తనం కట్టి గోరంత పగడపు పిలక ఇచ్చారు. అది జానెడు, అంటే పన్నెండు వేళ్ళు అయ్యాక, మునిగిన కింది ఊళ్ళో మా పాత ఇంటి గోడ మీద నాటి రావాలి. అలా నాటినవన్నీ కలిసి కట్ట అవుతున్నాయి. అల దాని మీద విరిగి, మా మీది ఊరు నిలుస్తోంది. నాటిన రోజున వాడు పోయినట్టు. అప్పటిదాకా ఇంట్లో ఉన్నట్టే. పైడమ్మ బొట్టు తీయదు. మారుమనువు చేసుకోకూడదు.

సముద్రంలోనే పెంచకూడదా అని పిల్లలు అడుగుతుంటారు. సముద్రం పులిసిపోయింది. గవ్వకే పెంకు గట్టిపడడం లేదు. ఎముక ఇంట్లో కట్టి పంపితేనే అక్కడ నిలుస్తుంది.

పంచమి

అంకెలు మొన్నటివే. వారానికి సగం వేలు పెరుగుతోంది.

పైడమ్మ అడుగుల చప్పుడు వినబడితే కొమ్మ మీది పువ్వులన్నీ విచ్చుకుంటాయి. ఉప్పుచేప వేయించినా అంతే. మధ్యాహ్నం కాసేపు ముడుచుకుని పడుకుంటుంది. వేట నుంచి వచ్చి వాడూ అలాగే పడుకునేవాడు.

నేను దగ్గితే ముడుచుకుంటుంది. వీధి మలుపులో నా దగ్గు వినబడగానే వాడు బీడీ వీపు వెనక దాచేవాడు. పొగ మాత్రం భుజం మీదుగా పైకి వచ్చేది. ఇప్పుడు దగ్గు వస్తే నేనే బయటికి వెళ్ళి దగ్గి వస్తున్నాను.

అష్టమి

ఈరోజు కాసులమ్మ వదిన వచ్చింది. నీళ్ళ బండి తోలే కొర్లయ్య ఆమె కొడుకు. లోతు సముద్రం నుంచి పులియని నీళ్ళు పీపాల్లో తెచ్చి తొట్ల ఇళ్ళకు పోస్తాడు. నన్ను చిన్నాన్న అంటాడు. నూకరాజూ వాడూ ఒక పడవ మీదే వేట నేర్చుకున్నారు.

వదిన తొట్టి ముందు కూర్చుని కొమ్మకేసి చూసింది.

"మరిదీ, నీ కొడుకు బాగా ఎదిగినాడే. జానెడవ్వడానికి ఇంకెన్నాల్లు పడతాది?"

"నెలన్నర."

"అయితే ఆసాడం ముందే అయిపోతాది." వంటగది వైపు ఓసారి చూసింది. "నా కొడుక్కి పూడిమడక సంబంధం ఒకటొచ్చింది. ఆడు సేసుకోనంటన్నాడు. ఎవుర్ని సేసుకుంటావురా అంటే నీల్ల బండి ఎనక్కి దాక్కుంటన్నాడు. నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆసాడం దాటితే నాను ఆగలేను మరిదీ."

పైడమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నేల చూస్తోంది. కాదనలేదు. కాదనకపోవడం నాకు మంచిదే అనిపించింది. ఆమె వయసు చిన్నది.

సాయంత్రం ఊపిరి పోయడానికి ఆమె తొట్టి దగ్గరికి వచ్చినప్పుడు నేను గదిలో ఉండకుండా అరుగు మీదికి వెళ్ళిపోయాను.

ద్వాదశి

ఎముక నాలుగు వందల నలభై. ఊపిరి ఏడు. కొమ్మ తొమ్మిదిన్నర ఉండాలి. తొమ్మిదే ఉంది.

బహుళ విదియ

ఎముక నాలుగు వందల డెబ్భై. ఊపిరి ఆరు. కొమ్మ తొమ్మిది.

కొమ్మ పెరిగితే ఎముకా ఊపిరీ రెండూ తగ్గాలి. రెంటినీ కలిపి తింటుంది కాబట్టి. మా ఇంట్లో ఒకటి పెరుగుతోంది, ఒకటి తగ్గుతోంది.

ఊపిరి సీసా అలమరలో ఉంటుంది. ముట్టుకోలేదు, దూరం నుంచి చూశాను. రోజూ దిగవలసినంతే దిగుతోంది. పైడమ్మ పోస్తూనే ఉంది.

కొమ్మ చివర తెల్లబడింది. పువ్వులు సగమే విచ్చుకుంటున్నాయి. తొట్టి అద్దానికి దగ్గరగా ముఖం పెడితే లోపల చిటుకు చిటుకుమని చప్పుడు. వాడు కోపం వచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని వేళ్ళు విరుచుకునేవాడు. తినేవాడు కాదు.

షష్ఠి

కట్ట ఆఫీసు నుంచి కొలతల మనిషి సన్యాసమ్మ వచ్చింది. కొమ్మకు టేపు పెట్టి చూసింది. నా కాగితాలు తిరగేసింది.

"ఏటి తాతా ఇది? ఎముక మీదికెల్తంది, ఊపిరి కిందికొస్తంది."

"అదే అర్థం కావడం లేదు."

"అంకెలు నిజమేనా? సుక్కలు సరిగ్గా లెక్కెడతన్నావా?"

"పెడుతున్నాను."

ఆమె గొంతు తగ్గించింది. తగ్గించినా వంటగదిలోకి వినబడేంత గొంతే ఆమెది. "నీ అంకెలు నిజమైతే ఊపిరి పోసే సెయ్యి ఎలగున్నాదో సూసుకో. అబద్దమైతే నీ కల్లు ఎలగున్నాయో సూసుకో. ఊపిరి ఇంకో రెండు దిగితే తోలు ఊడొచ్చేస్తాది. తరవాత నా సేతిలో ఏటీ నేదు."

ఆమె వెళ్ళాక పైడమ్మ నాకు గంజి తెచ్చి ఇచ్చింది. గిన్నె కింద పెట్టి వెంటనే వెళ్ళలేదు. నేను అడుగుతానని చూసింది. అమ్మా, పోస్తున్నావా అని అడగాలి. ఒక్క మాట. గంజి తాగేశాను.

నా కళ్ళదే తప్పు అయి ఉంటుంది. ఎముక పరీక్షలో నీళ్ళు గులాబీ రంగు నుంచి నీలం అయ్యేదాకా చుక్కలు వేయాలి. ఏది గులాబీయో ఎక్కడ నీలమో ఈమధ్య సరిగ్గా ఆనడం లేదు. పొడి డబ్బా కూడా చూశాను. మూత వదులై పొడి చెమ్మగిలి ముద్దకట్టింది. తూకంలో సగం నీళ్ళే ఉంటాయి. అంటే నేను పోస్తున్న ఎముక చాలడం లేదన్నమాట. రేపు కొత్త డబ్బా తెస్తాను.

సప్తమి

పొద్దున్నే డబ్బా కోసం డిపోకు వెళ్ళాను. వరస పెద్దగా ఉంది. ఇల్లు చేరేసరికి ఎండ దిగిపోయింది. పొద్దుటి ఎముక అప్పుడు పోశాను. చాలడం లేదనుకున్నాను కాబట్టి రెండింతలు పోశాను. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను.

పైడమ్మ కేక విన్నాను.

తొట్టి తెల్లగా ఉంది. గంజి పోసినట్టు. అందులో కొమ్మ కనిపించలేదు. పైనుంచి తెల్లటి నలుసులు రాలుతూనే ఉన్నాయి. మోటారు గరగరమని ఆగిపోయింది. పైడమ్మ చేతిలో ఊపిరి సీసా ఖాళీగా ఉంది.

"నువ్వు పొద్దున్నే పోసీసుంటావనుకున్నాను మావా. ఇప్పుడే పోసినావని నాకు తెల్దు."

"సీసా మొత్తం పోసేశావా?"

"బాకీ తీర్సీద్దామని."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఏడవకుండా చెప్పింది.

"సగం సగం పోసినాను. సీసాలో నీల్లు కలిపీసినాను, నీకు తెలకుండా. కాసులమ్మత్త వచ్చెల్లిన రోజు సాయంత్రం ఊపిరి పొయ్యడానికొస్తే ఈడు పువ్వులన్నీ ఇప్పీసి నా ఏపే సూసినాడు. ఈ సీసా పోసి పోసి నిన్ను సంద్రంలోకి పంపీసి నాను ఇంకొకడింటికెల్తాను అని ఎలగ పొయ్యను? పొయ్యకపోతే ఇక్కడే సచ్చిపోతాడు. పోత్తే ఎల్లిపోతాడు. నాకేటీ తోచక సగం పోసినాను."

"కొర్లయ్య నీకు ఇష్టమేనా?"

ఇది అడగగలిగాను. ఎలా అడిగానో తెలియదు.

"ఇష్టమే మావా. అదే గదా."

ఇంతలో వీధిలో నీళ్ళ బండి గంట. ఆమె కేక విని కొర్లయ్య గుమ్మంలోకి వచ్చేశాడు. "ఏటి సిన్నాన, తొట్టిలో పాలు పోసినారేటి? నూకాకి పాలు పడవు గదా..." అంటూనే మా ముఖాలు చూసి ఆగిపోయాడు.

ఆ తర్వాత వాడు మాట్లాడలేదు. బండి మీది పీపాలన్నీ దింపాడు. ఆ నీళ్ళు వేరే ఇళ్ళవి. నేను గొట్టంతో తెల్ల నీళ్ళు తోడాను, పైడమ్మ బకెట్లు మోసింది, వాడు కొత్త నీళ్ళు పోశాడు. దీపాలు పెట్టే వేళకు కొమ్మ కనిపించింది. సున్నం కొట్టిన గోడలా ఉంది. కొర్లయ్య చెయ్యి లోపల పెట్టి, నీళ్ళలోనే అరచేత్తో విసురుతూ నలుసులు రాలగొట్టాడు. అప్పుడు నోరు విప్పాడు, మాతో కాదు.

"ఒరే నూకా, బతికున్నప్పుడు పడవలో నీల్లు నాసేతే తోడించీవోడివి. ఇప్పుడూ నానేనేట్రా?"

పైడమ్మ అప్పుడు ఏడ్చింది.

దశమి

సన్యాసమ్మ వచ్చి చచ్చిన చివర కత్తిరించింది. కత్తెర పడినప్పుడు పుల్ల విరిగిన చప్పుడు. కొమ్మ ఇప్పుడు ఆరు వేళ్ళు. కత్తిరించిన ముక్క ఆమె తడిగుడ్డలో చుట్టి తీసుకువెళ్ళింది. ఎక్కడికని అడగలేదు.

"దెబ్బ తిన్న కొమ్మ మునపట్లో సగం కూడా ఎదగదు. మల్లీ రెండు సీసాలతో పెంచితే జానెడవ్వడానికి ఏడెనిమిది నెల్లు. ఆసాడం ఎల్లిపోతాది, సంక్రాంతీ దగ్గరికొచ్చేస్తాది. ఆ పిల్ల రోజూ ఆ సీసా అట్టుకోగల్దా?"

"ఇంకో దారి లేదా?"

"ఉన్నాది. సున్నపు తేట."

గవ్వలు కాల్చిన సున్నం. నీళ్ళలో కలిపి, మడ్డి దిగాక పైన తేరిన తేటను చుక్క చుక్కగా తొట్టిలోకి దించాలి. తేటతో పెంచే కొమ్మకు ఊపిరి సీసా అక్కర్లేదు. పెళ్ళికాకుండా పోయినవాళ్ళకి అదే వాడతారు. అందుకని ఒక రూలు ఉంది. తేటకు మారాలంటే తండ్రి సాక్షుల ముందు మూడుసార్లు చెప్పాలి, వీడికి ఆలి లేదని. చెప్పిన గడియ నుంచి ఆమె ఎవరికీ కట్టుబడి ఉండదు. జానెడు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

"అయితే ఒకటి తాతా. ఆలి లేనోల్ల కొమ్మని ఇంటి గోడ మీద నాటరు. ఒంటి వరసలో నాటతారు. అది కట్టకి బయటేపు. అల ముందు ఆల్లకే తగుల్తాది. సగం మంది మొదటి వర్షాకాలం దాటరు. ఆ పిల్ల కూడా నిన్ను మావ అనకూడదు, నువ్వు కోడలు అనకూడదు. ఆలోసించుకో."

అమావాస్య

ఈరోజు పోటు పెద్దది. అమావాస్య పోటుకు వీధిలోని తొట్లన్నింటిలో కొమ్మలు ఒకేసారి ముడుచుకుంటాయి. ఎందుకో ఆఫీసు వాళ్ళకు తెలియదు. ఆ గడియకు వీధిలో ఎవరూ మాట్లాడరు. పక్కింట్లో రోలు కూడా ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా విచ్చుకుంటాయి.

వాడు విచ్చుకోలేదు.

పైడమ్మ ఊపిరి సీసా చేత్తో పట్టుకుని తొట్టి ముందు నిలబడింది. సీసా అంచు అద్దానికి తగిలి టకటకమంది. పోయలేక అలమరలో పెట్టేసింది. ఆమెను చూశాను, వాడిని చూశాను. సన్యాసమ్మకు కబురు పెట్టాను.

జ్యేష్ఠ శుద్ధ తదియ

పొద్దున సన్యాసమ్మ, ఇద్దరు సాక్షులు వచ్చారు. నేను పైడమ్మకు ముందుగా చెప్పలేదు. చెబితే వద్దంటుందని భయం. ఒప్పుకుంటుందేమోనని కూడా భయం. నాకు మాటలు రావు అని సరిపెట్టుకున్నాను.

సన్యాసమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి చెప్పాను.

వీడికి ఆలి లేదు. వీడికి ఆలి లేదు. వీడికి ఆలి లేదు.

పైడమ్మ కట్టెలు తీసుకుని లోపలికి వస్తూ విన్నది. కట్టెలు కింద పెట్టింది, విసరలేదు.

"ఎవుర్నడిగి సెప్పినావు?"

నేను కట్టెలు గోడవారకు జరిపాను.

"ఈడితో కాపరం సేసినాను. ఈడికి జ్వరమొస్తే ఈ గదిలోనే కూకున్నాను. పడవ రాకపోతే ఒడ్డున పడున్నాను. అదంతా నేనట్టేనా? నాను ఎవుర్నీ కానేటి? నన్ను ఒగ్గీమని నిన్నడిగినానా?"

"లేదమ్మా."

"అమ్మా అనకు. నీకు నాను ఏటవుతానని?"

సన్యాసమ్మ తల దించుకుని కాగితం రాసుకుంది. పైడమ్మ మధ్యాహ్నానికి బట్టలు మూటకట్టుకుని వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. తొట్టి ఉన్న గదిలోకి మాత్రం వెళ్ళలేదు. గుమ్మం దగ్గర ఆగి, కాళ్ళ కడియాలు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా దాటింది. వాడికి వినబడకూడదని.

సాయంత్రం సున్నం కలిపాను. తేరింది. మొదటి చుక్క దించాను.

త్రయోదశి

ఎముక నాలుగు వందల ఇరవై. చుక్క సరిగ్గా పడుతోంది.

కింది వీధిలో డప్పులు. కొర్లయ్యకూ పైడమ్మకూ పెళ్ళి ఈరోజే. నన్ను పిలవకూడదు, పిలవలేదు. తలుపు వేసుకుని కూర్చున్నాను. డప్పు దెబ్బకు తొట్టిలో నీళ్ళు సన్నగా అదిరాయి.

బహుళ పంచమి

కొమ్మ విచ్చుకోవడం లేదు. అద్దం మీద తెల్లటి పొర కడుతోంది. రోజూ తుడుస్తున్నాను. చుక్క తగ్గించాను. అయినా కడుతోంది.

ఇల్లంతా నీళ్ళ చప్పుడే. ఆమె ఉన్నప్పుడు ఈ చప్పుడు ఇంత ఉండేది కాదు. దగ్గు వచ్చింది. బయటికి వెళ్ళకుండా గదిలోనే దగ్గాను. గట్టిగా దగ్గాను. కొమ్మలో కదలిక లేదు. ముడుచుకోవాలంటే ముందు విచ్చుకుని ఉండాలి కదా.

నూకా అని పిలిచాను. వాడు పోయాక పైకి పిలవడం ఇదే.

అష్టమి

సన్యాసమ్మ వచ్చింది. రంగు కాగితం నీళ్ళలో ముంచింది. ముదురు ఊదా అయింది.

"నీల్లు ఘాటెక్కిపోయినాయి తాతా. తోలు కాలిపోతాది. ఇంట్లో ఎవులెవులు ఉంటన్నారు?"

"నేను."

"నువ్వొక్కడివే?"

"నేనొక్కడినే."

ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ముందే సెప్పనేదు నాను. తేటలో ఎముకే ఉంటాది. ఊపిరిని అది గదిలో గాల్లోంచి లాక్కుంటాది. మనుసులు వొదిలిన గాలే దానికి ఊపిరి. ఇంటినిండా జనం ఉంటే పరవానేదు. నువ్వొక్కడివి వొదిలింది సాలక, ఊపిరి దొరక్క, సున్నం సున్నంగానే ఉండిపోతంది."

"కిటికీ తీస్తే?"

"బయట గాలి పల్సన. మనిసి వొదిలిందైతే సిక్కన. నలుగుర్ని పిలు. రోజూ సాయంత్రం వొచ్చి కూకోమను. కబుర్లు సెప్పించు, పాడించు, ఏదో ఒకటి. నాలుగు రోజుల్లో ఘాటు దిగకపోతే కొమ్మ నీకు మిగల్దు."

నలుగురిని పిలవాలి. ఆమె చాలా తేలిగ్గా చెప్పింది.

నవమి

సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ నలుగురేం, పదిమంది ఉన్నారు. మా ఇంటికి వచ్చి కూర్చోండి అనాలి. ఎందుకంటే చెప్పాలి. బిందె లేకుండా కుళాయి దగ్గర నిలబడ్డానని అందరూ చూశారు. ఏం కావాలి తాతా అని ఒకావిడ అడిగింది. ఏమీ లేదన్నాను. వచ్చేశాను.

పక్కింటి వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను. లోపల భోజనాలు. వచ్చేశాను.

గదిలో తొట్టి ముందు కూర్చుని ఊపిరి గట్టిగా పీల్చి వదిలాను. చాలాసేపు అదే పని. కళ్ళు తిరిగాయి. కాగితం ముంచాను. ఊదా.

దశమి

కొమ్మ మొదట్లో తోలు ఒకచోట లేచింది. కింద తెల్లటి ఎముక కనిపిస్తోంది. చిటికెన గోరంత మేర.

మధ్యాహ్నం చొక్కా వేసుకుని కింది వీధికి వెళ్ళాను. కొర్లయ్య ఇంటి ముందు నీళ్ళ బండి ఉంది. వాడు చక్రానికి కందెన పూస్తున్నాడు.

"సిన్నాన! రా రా. ఏటిలగొచ్చినావు? కూకో. పైడీ, మంచినీల్లు..." అని, పిలవకూడదేమోనని ఆగిపోయాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. కొత్త చీర. నన్ను చూసి అక్కడే నిలబడింది. నీళ్ళు తేలేదు, లోపలికీ వెళ్ళలేదు.

నడుస్తూ మాటలు కూడబెట్టుకున్నాను. అక్కడికి వచ్చాక ఒక్కటీ మిగల్లేదు.

"ఇంట్లో ఊపిరి చాలడం లేదు" అన్నాను.

"ఎవులికి? నీకా?" కొర్లయ్య కందెన చేతులతోనే లేచాడు.

"వాడికి. తేటకు మనుషుల గాలి కావాలట. నేనొక్కడినే. చాలడం లేదు. తోలు లేచిపోతోంది. రోజూ సాయంత్రం కాసేపు వచ్చి కూర్చుంటారా? ఏమీ పోయక్కర్లేదు. ముట్టుకోనక్కర్లేదు. కూర్చుంటే చాలు."

ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ అని ఎరగను. కొర్లయ్య పైడమ్మ వైపు చూశాడు. పైడమ్మ నన్నే చూస్తోంది.

"ఏ వరసని రమ్మంటన్నావు?" అంది. "ఆలి నేదని మూడుసార్లు సెప్పినావు. ఊరంతా ఇన్నాది."

"వరస లేదు. నేను అడుగుతున్నాను. ఆ రోజు అడగలేదు. అడగాల్సింది."

కొర్లయ్య కందెన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆడికి నాను ఏటీ కాననుకో," అంది చివరికి. "ఈయన నిన్ను సిన్నాన అంటన్నాడు. పెనిమిటికి సిన్నాన్నైతే నాకేటవుతాడు? మావే అవుతాడు. ఆ సన్యాసమ్మని పిలు, ఈ వరస ఎలగ కొట్టీస్తాదో నానూ సూత్తాను." కొంగు దోపుకుంది. "సెప్పులేసుకో" అంది కొర్లయ్యతో. "అలగ సూత్తావేటి? బేగి రా. కాసులమ్మత్తని కూడా లేపు. ఆవిడ మాటాడ్డం మొదలెడితే ఊరందరికీ సరిపడా ఊపిరొస్తాది."

ముగ్గురూ వచ్చారు. పైడమ్మ కడియాలు పట్టుకోలేదు. మామూలుగానే నడిచి వచ్చింది. తలుపులూ కిటికీలూ మూశాం. గది చిన్నది, నలుగురం మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. కాసులమ్మ వదిన పెళ్ళిలో ఎవరెవరు అలిగారో మొదటి నుంచి చెప్పింది. పైడమ్మ తొట్టికి వీపు పెట్టి కూర్చుంది. కాసేపయ్యాక తిరిగి కూర్చుంది. లేచిన తోలు చూసింది. నోరు కొద్దిగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టేంత దగ్గరగా, నెమ్మదిగా గాలి వదులుతూ కూర్చుంది.

చీకటి పడేవేళకు కాగితం ముంచాను. ఊదాయే. కానీ అంచున కొద్దిగా పలచబడింది. పైడమ్మకు చూపించాను. నా కళ్ళను నమ్మలేక.

"పలసబడింది మావా," అంది.

పొద్దున్నుంచి బండి లాగి కొర్లయ్య అలసిపోయాడు. తొట్టి బల్లకు తల ఆనించి నిద్రపోయాడు. నోరు తెరుచుకుని గురక మొదలుపెట్టాడు. పెద్ద గురక. తొట్టి మూత చిన్నగా అదురుతోంది.

పైడమ్మ సిగ్గుపడి లేపబోయింది.

వద్దన్నాను. పడుకోనీ.